మూడో కడుగు నీళ్ళు

నా ముక్కును మోసం చేసిన దొంగ ఈ మలేషియాలో ఇంకా పుట్టలేదు. బటాంగ్ బెర్జుంటై ఎస్టేటులో నలభై రెండేళ్ళు కాపలా కాశాను. ఆ రోజుల్లో మూడు మైళ్ళ అవతల ఎవడైనా దురియన్ పండు దొంగిలించి కోస్తే, అది ఏ చెట్టుదో, కోసినవాడు పొద్దున్న ఏం తిన్నాడో మంచం మీద నుంచే చెప్పేవాణ్ణి. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, మనవాళ్ళ ఇళ్ళలో ఏది పోయినా వెతికిపెడుతున్నాను. డిటెక్టివ్ అప్పయ్య అంటారు. వద్దని నేనెప్పుడూ అనలేదు.

అందుకే ఆ శుక్రవారం పొద్దున్న హుటాన్ మెలింటాంగ్ నుంచి యోగేశ్వరి ఫోను చేసి, "తాతా, నువ్వు రావాల" అని ఏడవగానే బస్సెక్కాను. షెడ్డు ముందు దిగేసరికి ఒంటిగంటా పది.

యోగేశ్వరి కింద పద్నాలుగు మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. నది మొగలో మడచెట్ల వేళ్ళకి చిక్కుకున్న పాత వలలు, తాళ్ళు, డబ్బాలు పడవల్లో తెచ్చి వీళ్ళ ముందు పోస్తారు. వీళ్ళు ఏరతారు, కడుగుతారు, ఎండబెడతారు, మూటలు కడతారు. కౌలా సెలంగోర్‌లో ఒక కార్ఖానా ఆ నైలాన్‌ను కరిగించి మళ్ళీ దారం తీస్తుంది. పారేసేది ఎంత తక్కువైతే అంత గొప్ప అని యోగేశ్వరి పట్టు. మూట కట్టే తాడు కూడా నదిలో దొరికిందే అయ్యుండాలి. కడగడానికి మూడు తొట్లు. మూడో తొట్టిలో ఇవాళ చివరి కడుగుకి వాడిన నీళ్ళు రేపు రెండో కడుగుకి, ఎల్లుండి మొదటి కడుగుకి.

ఇంకో సంగతి. ఒడ్డున బురదలో ఒక మొసలి, తొమ్మిదడుగులకి తక్కువుండదు, నోరు తెరుచుకుని మా విచారణంతా వింటూ పడుకుంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నేను మాత్రం ఒక కన్ను అటే వేసి ఉంచాను.

షెడ్డు గేటుకి తాళం. ఆడవాళ్ళంతా బయట నీడలో చతికిలబడి ఉన్నారు. యోగేశ్వరి లేచి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఆ పూట యాభై ఏళ్ళదానిలా ఉంది.

"ఏటైందో మొదట్నించీ సెప్పు" అన్నాను.

"తొమ్మిదింపావుకి ఆ ఆఫీసు బాబు పదిహేడో మూట కోసి సూసినాడు తాతా. మధ్యలోంచి నీలం డబ్బా బయటికొచ్చినాది. కారతన్నాది. ఆ బాబు బూటు కూడా పాడైపోనాది. ఇదేటో మందు, నువ్వే పెట్టినావు అంటన్నాడు."

"మూట కట్టింది నువ్వేనా?"

"మూటకి కట్టిన పేరు సీటీ ఫోటో సూపించినాడు. సీటీ నాదే. మూట దగ్గరికి మాత్రం రానివ్వలేదు."

"కట్టినాక అది ఎవరి చేతిలోకైనా ఎల్లిందా?"

"బుధవారం సాయంత్రం నాలుగింటికి గోవిందన్ లారీలోకి ఆరు మూటలు ఎక్కించినాం. దార్లో లారీ సెడిపోయిందని గురువారం పొద్దున్న ఎనిమిదింటికి మేము తొట్ల కాడ ఉండగా మళ్ళీ తెచ్చి లోడువాళ్ళ సేత దింపించేసినాడు. ఆ ఆరింట్లో పదిహేడు ఉన్నాది."

"ఇప్పుడేటి చేస్తారంట?"

"మూడింటికి లారీ వస్తాదంట. ఏ మూటలో ఏటుందో తెలీదు గాబట్టి షెడ్డులో ఉన్న ఇరవై మూడూ పట్టుకెళ్ళి సెత్తగుంటలో పూడ్చేస్తారంట. షెడ్డు మూసేస్తారంట." గేటు తాళం వైపు చెయ్యి చాపింది. "నామీద పోలీసు కేసంటే భయం లేదని కాదు తాతా. ఇన్నాళ్ళు ఒంగి ఒంగి నీళ్ళలోంచి తీసిందాన్ని మళ్ళీ మట్టిలో కప్పెట్టడానికా? ఈ పద్నాలుగు మందికీ నేనేటి సెప్పాల?"

టైము ఒంటిగంటా ఇరవై. నాకున్నది గంటా నలభై నిమిషాలు.

గేటు తట్టి తాళం తీయించుకున్నాను. లోపల ఉన్న ఆఫీసు బాబు పేరు రఘువీర్. కౌలాలంపూర్ ఆఫీసు పంపిన సేఫ్టీ ఆఫీసరు, ముప్పై ఏళ్ళ కుర్రాడు, కరీంనగర్ నుంచి వచ్చి రెండేళ్ళయిందట. చేతిలో టాబ్లెట్. ఎడమ కాలికి తోలు బూటు, కుడి కాలికి ఆడవాళ్ళు అరువిచ్చిన రబ్బరు చెప్పు.

"మీరెవరు సార్?"

"డిటెక్టివ్."

"లైసెన్స్ ఉందా?"

"మోటారు సైకిలుకి ఉండేది."

అతను నవ్వలేదు. నేను వరసగా పేర్చిన మూటల వైపు నడిచి, నీడలో ఉన్నదాని మీద గోనెసంచి మడిచి వేసుకుని కూర్చున్నాను.

"తాతగారూ, అక్కడ కూసోవద్దు. మూటల దగ్గరికి ఎవ్వరూ పోవద్దని రాసి పెట్టిన కదా."

"నా మోకాళ్ళకి సదువు రాదు బాబూ."

"మీ ఇష్టం. మూడింటికి అయితే లేవాల్సిందే."

"మూడింటికి ముందే లేస్తాను, నువ్వు ఆ అమ్మాయికి సారీ సెప్పడానికి సోటు కావాల కదా."

"సిస్టంల అంతా ఉంది." టాబ్లెట్ నా ముక్కు ముందు పెట్టాడు. "పదిహేడో నంబర్. మంగళవారం పదీ నలభై. కట్టింది యోగేశ్వరి. ఇంకేం గావాలె?"

"బుధవారం సాయంత్రం నాలుగు నుంచి గురువారం పొద్దున్న ఎనిమిది దాకా పదిహేడు ఎక్కడుందో నీ పలక సెప్తాదా?"

వేలితో అటూ ఇటూ జరిపాడు. "షెడ్డులనే ఉంది."

"లారీలో ఉన్నాది."

"అవతల డెలివరీ కాకుంటే ఎంట్రీ పోతది. వాపస్ వచ్చిన మూట ఎక్కడికీ పోనట్టే లెక్క."

"అంటే పదహారు గంటలు నీ పలక నిద్రపోయినాది. నేను కాపలా ఉన్నప్పుడు పావుగంట కునికినా దొర జీతం కోసేవాడు."

రఘువీర్ చెవులు ఎర్రబడ్డాయి. "నిద్రపోనీ! అయినా మధ్యల మూట ఎవ్వరూ విప్పలే. తాడు వాళ్ళదే, ముడి వాళ్ళదే, గుర్తు వాళ్ళదే. మీరే చూసుకోండ్రి. చేతులకు ఇవి తొడుక్కోండ్రి." రబ్బరు తొడుగులు విసిరాడు.

కోసిన మూట చుట్టూ కట్టిన ఎర్ర రిబ్బను దాటి లోపలికి వెళ్ళాను. పదిహేడో మూట ఒక పక్క కోసి ఉంది. డబ్బాను అప్పటికే ఇసక తొట్టిలోకి మార్చారు. తాడు నదిలో దొరికే పచ్చ తాడే. ముడి జాలరి ముడి, ఈ ఊళ్ళో నడక నేర్చిన ప్రతివాడికీ వస్తుంది. వల పోగుల్లో ఉప్పు పొర లేదు, బాగా కడిగిందే. మూట నెత్తిన అరచెయ్యంత పసుపు, దాని మీద మూడు కుంకుమ బొట్లు. పసుపు ఒక అంచున పారాణిలా ఎర్రగా పాకి ఉంది. ఎవరిదో చెయ్యి తడిగా ఉన్నప్పుడు కుంకుమ అలికి ఉంటుందనుకున్నాను. వంగి మూడుసార్లు గట్టిగా పీల్చాను. ఏ మందు వాసనా లేదు.

ఆ పసుపు సంగతి నాకు తెలుసు. యోగేశ్వరి అత్తగారు పెట్టిన ఆనవాయితీ అది. కట్టిన ప్రతి మూటకీ పసుపు రాసి, బొట్లు పెట్టి, నది వైపు తిరిగి ఒక దండం. చెత్తే కావచ్చు, కూడు పెట్టింది కదా అని.

తిరిగొచ్చి నా మూట మీద కూర్చున్నాను. ఒంటిగంటా యాభై అయిదు. డిటెక్టివ్ అన్నాక అందరి ముందూ తేల్చి చెప్పాలి కదా, గేటు తీయించి యోగేశ్వరినీ, పెద్దదిక్కుగా రామలక్ష్మినీ లోపలికి పిలిపించాను. రామలక్ష్మికి అరవై దాటాయి. ఆవిడ నోటి నుంచి రోజుకి పది మాటలొస్తే ఎక్కువ.

"తాడూ, ముడీ ఎవరైనా కట్టగలరు" అన్నాను చేతికర్ర ఊపుతూ. "పసుపు అలా కాదు. ఆ మూట నెత్తిన పసుపుంది, మూడు బొట్లున్నాయి. కాబట్టి అది మన యోగేశ్వరి చేతి మూటే. తర్వాత ఎవడూ విప్పలేదు."

అనేశాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు.

రఘువీర్ టాబ్లెట్ ముందుకు చాపాడు. "థాంక్స్ తాతగారూ. నా రిపోర్టు కింద సాక్షి సంతకం పెడుతరా?"

యోగేశ్వరి నా వంక చూసిన చూపు మా ఆవిడ కూడా ఎప్పుడూ చూడలేదు. అప్పుడు వెనక నుంచి రామలక్ష్మి నోరు విప్పింది.

"పసుపా? ఏ పసుపు?"

"మీరు రాసే పసుపే అమ్మా."

"ఎవరు రాసినారు? శనివారం యోగేశ్వరి పెదమామ పోయినాడు. పదకొండు రోజుల మైల. పనికి రాక తప్పదు, వచ్చినాం. పసుపెవరు ముడతారు? డబ్బా మూతేసి నా ఇంట్లో పెట్టినాను. అప్పటి నుంచి మూట కడితే ఉత్త దండమే."

"అంతకుముందు కట్టినవి?"

"పోయిన శుక్రవారమే ఎల్లిపోనాయి, ఒక్కటి మిగల్లేదు. ఇక్కడున్నవన్నీ శనివారం తర్వాతివి. ఈ షెడ్డులో పసుపున్న మూట ఒక్కటి కూడా ఉండకూడదు బాబూ."

రఘువీర్ చేతిలో టాబ్లెట్ నెమ్మదిగా కిందికి దిగింది. ఈ సంగతి అతనికి విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. "మా పెద్దనాయిన పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్న" అన్నాడు మెల్లగా. "పది రోజులు నేను గూడ బొట్టు పెట్టుకోలే." యోగేశ్వరి వైపు తిరిగాడు. "అక్కా, ఇంట్ల చావు ఉందని చెప్పలేదేంది?"

"నువ్వు అడిగినావా? సీటీ సూపించి నీదేనా అన్నావు, నాదే అన్నాను."

రామలక్ష్మి అప్పటికే రిబ్బను దగ్గరికి వెళ్ళి మెడ సాచి చూస్తోంది. "ఆ ఎర్రది కుంకుమ కాదు. పసుపుకి సున్నం లాటిదేదో తగిలితే అలా అవుతాది. పారాణి కలిపినదానికి తెలీదా?"

రఘువీర్ ఒక్క గంతు వేశాడు. "క్షారం! కాస్టిక్ సోడా లాంటిది! లేబుల్ చింపేసిండ్రు, పొద్దటి నుంచి అదేందో తెల్వక చస్తున్న." తర్వాత నా వైపు చూసి, జాలిపడ్డాడేమో, అన్నాడు: "దానికి వాసన ఉండది తాతగారూ. మీ ముక్కు తప్పు కాదు."

కృతజ్ఞత అంటే ఏమిటో ఆ మాటతో తెలిసింది.

ఇక లెక్క తేలిక. బుధవారం రాత్రి మూటలు ఎవరి దగ్గరున్నాయో వాడు విప్పాడు, డబ్బాలు పెట్టాడు, మళ్ళీ కట్టాడు. ఎప్పుడూ చూసే మూటల మీద పసుపుంటుంది కాబట్టి, చెరిగిపోయిందేమో అనుకుని పైన రాశాడు కూడా. ఆ ఇంట్లో చావు సంగతి వాడికి తెలియదు. పసుపున్న మూటల్లోనే మందుంది. మిగతావాటిని పూడ్చాల్సిన పని లేదు.

వెతకడం పడుచువాళ్ళ పని కాబట్టి నేను కూర్చునే ఉన్నాను. అటు చివర నుంచి రఘువీర్, యోగేశ్వరి మూట మూటా చూస్తూ వచ్చారు. పదిహేనో మూట మీద పసుపు దొరికింది. సరిగ్గా అప్పుడే గేటు బయట లారీ ఆగింది. గడియారం చూశాను. రెండూ ఇరవై.

గోవిందన్ దిగాడు. నలభై ఏళ్ళవాడు, ఎస్టేటులో మనవాళ్ళ మధ్య పెరిగాడు, తమిళం కలిసిన తెలుగు మాట్లాడతాడు, అప్పుడప్పుడు మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలిస్తాడు. లోపలికి వస్తూనే మమ్మల్ని చూసి ఆగాడు.

"మూడింటికి కదా రమ్మన్నది?" అన్నాడు రఘువీర్.

"ముందే లోడ్ ఎత్తేస్తే మంచిది లా సార్."

"ఎవరితో ఎత్తిస్తావు?" అన్నాను. "ఇవాళ శుక్రవారం. లోడు ఎత్తేవాళ్ళంతా నమాజుకి ఎల్లినారు. మూడింటిదాకా రారని ఈ ఊళ్ళో కోళ్ళకి కూడా తెలుసు."

"నేనే ఎత్తుతాను తాతా."

"యోగేశ్వరీ, ఇతగాడు ఎప్పుడైనా మూట ముట్టినాడా?"

"ఒక్కనాడూ ముట్టలేదు తాతా. నడుం నొప్పంటాడు."

"నడుం ఇవాళ బాగైందా గోవిందన్?"

"ఏమి తాతా, సాయం చేస్తానంటే తప్పా?"

"బుధవారం లారీ ఎక్కడ సెడిపోయినాది?"

"సబక్ బెర్నామ్ దాటినాక. టైరు పోయింది."

"ఏ టైరు?"

"వెనక... ఎడమది."

"ఎవరు బాగుచేసినారు?"

"నేనే మార్చినాను."

"నడుం నొప్పితోనా?"

రఘువీర్ నా మాట అందుకున్నాడు. గంట కిందట నా మీద కత్తి దూసినవాడు, ఇప్పుడు నా పక్క నిలబడ్డాడు. "టైరు మారిస్తే రెండు గంటలు. పదహారు గంటలు ఏం చేసినవు?"

"నిద్రపోయినాను సార్. మూటలు ఎవరూ ముట్టలేదు. పిల్లల మీద ఒట్టు."

ఒట్టు మాట వినగానే నాకు కోపమొచ్చింది. నా చేతికర్ర కొసన ఇనప పొన్ను ఉంది. దాన్ని తిప్పి పట్టుకుని, కూర్చున్న మూట మీద టపామని ఒకటి కొట్టాను. "ఒట్లు కాదు! ఎన్ని డబ్బాలో సెప్పు!" రెండో దెబ్బకి కర్ర పైకెత్తాను.

"కొట్టకండి తాతా!" గోవిందన్ అరుపుకి గేటు బయట ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. "ఆ మూట కొట్టకండి! పగిలిపోతుంది! మెల్లగా లేవండి, సామీ, మెల్లగా!"

ఆ మూటలో ఏముందో అక్కడ ఎవరికీ తెలియదు, ఒక్కడికి తప్ప. ఆ ఒక్కడూ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇదంతా నేను పన్నిన వలే అనుకుంటున్నారా? రఘువీర్ కూడా అలాగే అనుకుని నన్ను ఒక్క క్షణం భక్తిగా చూశాడు. అనుకోనిస్తే బాగుండేది. కానీ రామలక్ష్మి వచ్చి నా రెండు రెక్కలూ పట్టి లేపింది. గోనెసంచి కింద పసుపు, మూడు బొట్లు. సంచి తడిసి ఉంది. నా తెల్ల ప్యాంటు వెనక ఒక పక్క పచ్చగా, ఒక పక్క ఎర్రగా, పెళ్ళికూతురి పాదంలా మెరుస్తోంది. మూడు మైళ్ళ అవతలి దురియన్ పసిగట్టే ముక్కు గల డిటెక్టివు గంటసేపు దొంగ సొత్తు మీదే కూర్చున్నాడు.

"ఏటి సూస్తన్నారు! నీళ్ళు!" అంది రామలక్ష్మి. నా కాలర్ పట్టి లాక్కెళ్ళి మూడో తొట్టి పక్కన నిలబెట్టింది. బకెట్ మీద బకెట్, నడుం నుంచి కిందికి కుమ్మరించింది. యోగేశ్వరి ప్యాంటు లాగేసింది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు చూడనట్టే చూశారు. రఘువీర్ గడియారం చూస్తూ, "ఇరవై నిమిషాలు పొయ్యండి, ఆపొద్దు" అంటున్నాడు. తుడిచి చూస్తే ఎర్రగా కందింది, అంతే. పారబొయ్యకుండా దాచిన నీళ్ళు. ఏ వలలు కడిగారో, ఏ చేపలు ఈదాయో, వాటికి నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. రామలక్ష్మికి పెట్టబోతే "సాల్లే, కైలీ కట్టుకో" అని తన పూల కైలీ లుంగీ నా మొహాన వేసింది.

రఘువీర్ మిగతా మూటలన్నీ చూసి, టాబ్లెట్‌లో ఇరవై మూడు మూటలనూ పూడ్చాలన్న ఉత్తర్వు కొట్టేశాడు. మూడు మూటలు ప్రమాదకరం, ఇరవై మంచివి, షెడ్డు నడుస్తుంది అని రాసి యోగేశ్వరికి చూపించాడు. "సారీ అక్కా" అన్నాడు. యోగేశ్వరి అతని రబ్బరు చెప్పు వైపు చూసి, "అది నీ దగ్గరే ఉంచుకో, ఒంటి కాల్తో ఏటి ఎల్తావు" అంది. ఆ తర్వాత ఏడ్చింది.

గోవిందన్ పారిపోలేదు. లారీ మెట్టు మీద కూర్చున్నాడు. ఏదో చిన్న కార్ఖానావాడు కాగితాలు లేకుండా డబ్బాలు వదిలించమన్నాడట. వలల మధ్య పెడితే అవతల ఎవరో చూసుకుంటారనుకున్నాడట.

"నోరు మూసుకునుంటే తప్పించుకునేవాడివి కదరా" అన్నాను.

"తెలీదు తాతా. కర్ర లేచినాది, నోరు అరిచేసింది."

పోలీసులకి ఆ మాట కూడా చెప్పాలని గట్టిగా అనుకున్నాను. వాడు చేసింది తప్పే. అయినా ఇవాళ నేను కూర్చోగలుగుతున్నానంటే సగం వాడి పుణ్యం.

"మూడే కదా?" అని అడిగాడు రఘువీర్.

గోవిందన్ తల ఎత్తలేదు. "మూటల్లో మూడు. మిగతావి పాత జెట్టీ దగ్గర చిల్లు పడవలో దాచినాను. నలభై. పోటు నాలుగింటికి వస్తుంది సార్. నీళ్ళొస్తే ఆ పడవ మునిగిపోతుంది."

గడియారంలో రెండూ యాభై అయిదు. ఆ జెట్టీకి దిగువనే మన పడవలన్నీ వలలు వేసేది. యోగేశ్వరి అప్పటికే గేటు దాటి పడవలవాళ్ళని కేకేస్తోంది. రఘువీర్ అగ్నిమాపకదళానికి ఫోను చేస్తూనే మోటారు సైకిలు తన్నాడు. "ఎక్కండ్రి డిటెక్టివ్‌గారూ!" వెనక నేను, పూల కైలీలో, కర్ర చంకన పెట్టుకుని. మూడూ నలభైకి ఆఖరి డబ్బా గట్టెక్కింది. పడవ అయిదు నిమిషాలు ఆగి మునిగింది.

ఇందులో ప్రతి అక్షరం నిజం. ప్యాంటు కూడా నిజం, అడిగితే చూపిస్తాను. మొసలి ఒక్కటే నేను కల్పించాను. అది బురదలో సగం కూరుకుపోయిన పాత లారీ టైరు. సోమవారం రామలక్ష్మి దాన్నీ పైకి లాగింది, కడిగింది. మైల తీరాక పసుపు రాసి, మట్టి నింపి, గేటు పక్కన మిరప నారు వేసింది. మొన్న నాకు ఒక సంచెడు కాయలు పంపింది. మొసలి కాసిన మిరపకాయలని మా వీధిలో చెప్పుకుంటున్నాను.